మధ్యపదం విడగొట్టి, జట్లు కట్టి వర్గ బహుపదుల కారణాంక విభజన: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎనిమిదో తరగతిలో పదాలను జట్లు కట్టడం, తొమ్మిదిలో మధ్యపదం విడగొట్టడం, పదిలో అదే దారిలో వర్గ సమీకరణాలు సాధించడం. మూడేళ్లూ నడిచేది ఒకే ఆలోచన. సందేహాలు కూడా ఏటా అవే వస్తుంటాయి కాబట్టి వాటిని దశలవారీగా ఇక్కడ చేర్చాం. ఏ ప్రశ్న దగ్గరికైనా నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

చరరాశిని అంతటా "య" అని, రెండోది అవసరమైన చోట "వ" అని రాశాం. మీ పుస్తకంలో ఎక్స్, వై అని ఉండేవి ఇవే. చరరాశి ముందున్న సంఖ్య గుణకం, చరరాశి లేని చివరి సంఖ్య స్థిరపదం.

## లెక్క మొదలుపెట్టే ముందు

కారణాంకాలుగా విడగొట్టమంటే అసలు ఏం చేయమని?

కూడికగా ఉన్నదాన్ని గుణకారంగా మార్చమని. 6య² + 11య + 3 మూడు పదాల మొత్తం. (3య + 1)(2య + 3) రెండు బ్రాకెట్ల లబ్ధం. రెండూ ఒకటే, రూపం మాత్రమే వేరు. బ్రాకెట్లు గుణించి విప్పేటప్పుడు విభాగ న్యాయాన్ని (బ్రాకెట్ బయట ఉన్నదాన్ని లోపలి ప్రతి పదంతోనూ గుణించడం) ముందుకు నడుపుతాం, కారణాంక విభజనలో వెనక్కి నడుపుతాం. ఇందులో వాడేదంతా ఆ ఒక్క న్యాయమే, కొత్త సూత్రం ఏదీ లేదు. అందుకే బ్రాకెట్లు విప్పడం తడబడకుండా వచ్చేదాకా ఇటువైపు రావద్దనే మా సలహా.

జట్లు కట్టాలంటే నాలుగు పదాలు కావాలి కదా, ఇక్కడ మూడే ఉన్నాయేం?

నాలుగో పదం ఎక్కడికీ పోలేదు, మధ్యపదంలో కలిసిపోయి ఉంది. (3య + 1)(2య + 3) విప్పితే మొదట వచ్చేవి నాలుగు పదాలే: 6య² + 9య + 2య + 3. వీటిలో 9య, 2య సజాతి పదాలు కాబట్టి కలిపి 11య అని రాస్తాం, మూడు పదాలు మిగులుతాయి. మనం చేయాల్సింది ఆ 11యని మళ్లీ 9య + 2యగా విడదీయడం. 11ని 10 + 1 అనీ, 8 + 3 అనీ ఎన్నో రకాలుగా విడదీయొచ్చు. కానీ జట్లు కుదిరేది ఒక్క జతతోనే. ఆ జతను పట్టుకోవడమే ఈ పద్ధతిలో అసలు పని.

లెక్క చూడగానే మొట్టమొదట ఏం చూడాలి?

మూడు విషయాలు, ఇదే వరుసలో.

మొదటిది, పదాలు ఘాతాల వరుసలో ఉన్నాయా? 3 + 6య² + 11య అని ఇస్తే ముందు 6య² + 11య + 3 అని తిరగరాయండి.

రెండోది, మూడు పదాలకూ ఉమ్మడిగా ఏదైనా సంఖ్య ఉందా? 12య² + 42య + 18లో 6 ఉమ్మడి. దాన్ని బయటికి తీస్తే 6(2య² + 7య + 3) అవుతుంది. లోపలిది విడగొడితే 6(2య + 1)(య + 3). ఈ 6ని ముందే తీయకపోతే 12 × 18 = 216తో కుస్తీ పట్టాలి. పైగా చివరికి (12య + 6)(య + 3) దగ్గర ఆగిపోతారు. అది తప్పు కాదు గానీ విభజన పూర్తి కాలేదు, మొదటి బ్రాకెట్‌లో ఇంకా 6 దాగి ఉంది.

మూడోది, మొదటి పదం రుణాత్మకమా? అయితే −1 బయటికి తీసేయండి.

## ఆ రెండు సంఖ్యల వేట

ఏ రెండు సంఖ్యల కోసం వెతకాలి? ఒక లెక్క మొత్తం చేసి చూపిస్తారా?

రెండింటి లబ్ధం = మొదటి గుణకం × స్థిరపదం. రెండింటి మొత్తం = మధ్య గుణకం. గుర్తులతో సహా కుదరాలి.

6య² + 11య + 3 తీసుకుందాం. లబ్ధం 6 × 3 = 18, మొత్తం 11 కావాలి. 18ని 1 × 18, 2 × 9, 3 × 6గా రాయొచ్చు. మొత్తాలు వరుసగా 19, 11, 9. కావాల్సినవి 2, 9.

6య² + 9య + 2య + 3
= 3య(2య + 3) + 1(2య + 3)
= (2య + 3)(3య + 1)

స్థిరపదానికి కారణాంకాలు చూస్తే చాలదా? మొదటి గుణకంతో ఎందుకు గుణించాలి?

య² ముందు 1 ఉన్నప్పుడు స్థిరపదం ఒక్కటే చూస్తే సరిపోతుంది, ఎందుకంటే 1తో గుణించినా అదే. ఆ అలవాటే తర్వాత ముంచుతుంది. 6య² + 11య + 3లో 3కి కారణాంకాలు 1, 3 మాత్రమే, వాటితో 11 రానే రాదు.

కారణం ఇదీ. జవాబు (పయ + ర)(సయ + త) అనుకోండి. ప, ర, స, త సంఖ్యలు. విప్పితే:

పస య² + పత య + రస య + రత

మధ్యలో వచ్చిన రెండు గుణకాలు పత, రస. వాటిని గుణిస్తే ప × త × ర × స. చివరలున్న పస, రతలను గుణించినా అవే నాలుగు సంఖ్యలు, వరుస మాత్రమే మారింది. కాబట్టి మధ్యపదం నుంచి విడదీసిన రెండు గుణకాల లబ్ధం ఎప్పుడూ రెండు చివరల లబ్ధానికి సమానం. ఎవరో పెట్టిన నియమం కాదిది, గుణకారం నుంచి దానంతటదే వస్తుంది.

ఇంకో వైపు నుంచీ చూడొచ్చు. బహుపది మొత్తాన్ని 6తో గుణిస్తే (6య)² + 11(6య) + 18 అవుతుంది. 6యని ఒకే రాశి అనుకుంటే ముందున్న గుణకం 1 అయిపోయింది, స్థిరపదం 18 అయింది. మొత్తాన్ని మొదటి గుణకంతో గుణించి వర్గంగా మార్చుకునే ఈ ఎత్తు మన గణితంలో చాలా పాతది. శ్రీధరాచార్యుడు వర్గ సమీకరణాన్ని సాధించడానికి మొదటి గుణకానికి 4 రెట్లతో గుణించమన్నాడు. ఆ పద్ధతిని 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ఆయన పేరుతోనే ఉటంకించాడు.

ప్లస్‌లు, మైనస్‌లు ఎప్పుడు ఎలా పెట్టాలో ఎప్పుడూ తికమకే. ఏదైనా తేలిక దారి ఉందా?

మొదటి పదం ధనాత్మకంగా ఉంచుకుంటే, ముందు స్థిరపదం గుర్తు చూడండి, తర్వాత మధ్యపదం గుర్తు.

స్థిరపదం ప్లస్ అయితే రెండు సంఖ్యలకూ ఒకే గుర్తు, అది మధ్యపదం గుర్తే. 2య² + 7య + 6లో 4, 3. 2య² − 7య + 6లో −4, −3.

స్థిరపదం మైనస్ అయితే గుర్తులు వేరు వేరు. అప్పుడు రెండు సంఖ్యల తేడా చూడాలి, పెద్ద సంఖ్యకు మధ్యపదం గుర్తు ఇవ్వాలి. 2య² + య − 6లో లబ్ధం −12, తేడా 1, కాబట్టి +4, −3. అదే 2య² − య − 6 అయితే −4, +3.

గుర్తులు ముందే తేల్చుకుంటే వెతుకులాట సగం తగ్గుతుంది. "మొత్తం చూడాలా, తేడా చూడాలా" అన్నది సంఖ్యలు వెతకడం మొదలుపెట్టకముందే తెలిసిపోతుంది.

లబ్ధం 288, 360 లాంటివి వస్తే జతలన్నీ రాసుకుంటూ కూర్చోవాలా?

అక్కర్లేదు. ప్రధాన కారణాంకాలు రాసుకుని, మధ్య గుణకాన్ని అడిగితే చాలావరకు అదే చెప్పేస్తుంది. రెండు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి: ఒక ప్రధాన సంఖ్య లబ్ధాన్ని భాగిస్తూ, మధ్య గుణకాన్ని భాగించకపోతే, దాని ఘాతమంతా రెండు సంఖ్యల్లో ఒకదానికే వెళ్తుంది. రెండింటిలోనూ ఉంటే వాటి మొత్తాన్ని కూడా భాగించి తీరాలి కదా.

రెండు: ఒక ప్రధాన సంఖ్య లబ్ధాన్నీ, మధ్య గుణకాన్నీ కూడా భాగిస్తే, అది రెండు సంఖ్యల్లోనూ ఉంటుంది.

24య² − 41య + 12 చూడండి. లబ్ధం 288 = 2 × 2 × 2 × 2 × 2 × 3 × 3. 41ని 2 భాగించదు, కాబట్టి ఐదు రెండ్లూ ఒకే వైపు. 41ని 3 కూడా భాగించదు, కాబట్టి రెండు మూళ్లూ ఒకే వైపు. ఇక మిగిలే జతలు రెండే: 32 × 9, 288 × 1. మొత్తం 41 వచ్చేది 32, 9తోనే. రెండూ రుణాత్మకం.

24య² − 32య − 9య + 12
= 8య(3య − 4) − 3(3య − 4)
= (3య − 4)(8య − 3)

రెండో మాటకు ఉదాహరణ 9య² + 30య + 16. లబ్ధం 144, మొత్తం 30. రెండింటినీ 2, 3 భాగిస్తాయి, కాబట్టి కావాల్సిన సంఖ్యలు రెండూ 6 గుణిజాలు. రెండింటి నుంచీ 6 తీసేస్తే లబ్ధం 144 ÷ 36 = 4, మొత్తం 30 ÷ 6 = 5. అంటే 1, 4. తిరిగి 6తో గుణిస్తే 6, 24. జవాబు (3య + 2)(3య + 8).

288కి మొత్తం తొమ్మిది జతలుంటాయి. వాటిలో ఏడింటిని చూడకుండానే పక్కన పెట్టగలగడం పరీక్ష హాల్లో చిన్న విషయం కాదు.

దొరికిన రెండు సంఖ్యల్లో ఏది ముందు రాయాలి?

ఏది రాసినా ఒకటే. 6య² + 9య + 2య + 3 అని రాస్తే 3య(2య + 3) + 1(2య + 3) వస్తుంది. 6య² + 2య + 9య + 3 అని రాస్తే 2య(3య + 1) + 3(3య + 1) వస్తుంది. మధ్యలో కనిపించే బ్రాకెట్ మారింది, జవాబు అదే. మీ జవాబూ పక్కవారి జవాబూ ఒకటే అయి, మధ్య మెట్టు వేరుగా ఉంటే కంగారు పడొద్దు. రెండు సంఖ్యలకు గుర్తులు వేరైతే మాత్రం మైనస్‌ది ముందు, ప్లస్‌ది తర్వాత రాసుకోండి. రెండో జట్టు ప్లస్‌తో మొదలవుతుంది, గుర్తులు తప్పే అవకాశం తగ్గుతుంది.

## జట్లు కట్టేటప్పుడు

రెండో జట్టు ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులు ఎందుకు మారతాయి?

ఈ పద్ధతిలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పోయే చోటు ఇదే. 2య² − 7య + 6ని 2య² − 4య − 3య + 6గా విడదీశాక చాలామంది ఇలా రాస్తారు:

2య(య − 2) − 3(య + 2) ← తప్పు

బయటికి తీసింది 3 కాదు, −3. లోపల ఉండాల్సింది అసలు పదాన్ని −3తో భాగిస్తే వచ్చేది. −3య ÷ −3 = య. +6 ÷ −3 = −2. కాబట్టి −3(య − 2). నమ్మకం కుదరకపోతే తిరిగి విప్పండి: −3 × య = −3య, −3 × −2 = +6. సరిపోయింది. అదే −3(య + 2) విప్పితే −3య − 6 వస్తుంది, మన దగ్గరున్నది +6.

ఇంకో చెడ్డ అలవాటు, బ్రాకెట్లు ముందే వేసేయడం: (2య² − 4య) − (3య + 6). ఇక్కడ మైనస్ బ్రాకెట్ బయట ఉండిపోయి 6 గుర్తును కూడా మార్చేసింది. జట్లు చూపించాలనుకుంటే (2య² − 4య) + (−3య + 6) అని రాయండి. మూడో పదం తన గుర్తును తనతోనే తెచ్చుకుంటుంది.

రెండో జట్టులో ఉమ్మడిగా ఏమీ లేదు. ఇప్పుడేం చేయాలి?

1 ఉంది. 5య² + 6య + 1ని 5య² + 5య + య + 1గా విడదీస్తే మొదటి జట్టు 5య(య + 1). రెండోది 1(య + 1). ఆ 1ని తప్పకుండా రాయండి. రాయకపోతే తర్వాతి మెట్టులో "బయట ఏమీ లేదు" అనుకుని జవాబు 5య(య + 1) అని ముగించేస్తారు. సరైన జవాబు (5య + 1)(య + 1). అదే రెండో జట్టు −య − 1 అయితే −1(య + 1) అని రాయాలి.

రెండు బ్రాకెట్లూ ఒకేలా రాలేదు. తప్పు ఎక్కడ జరిగినట్టు?

సంఖ్యలు సరైనవైతే బ్రాకెట్లు కలిసి తీరతాయి, కలవకపోవడమన్నది ఉండదు. కారణం నిష్పత్తి. విడదీసిన రెండు గుణకాల లబ్ధం రెండు చివరల లబ్ధానికి సమానం కాబట్టి, మొదటి జట్టులోని రెండు సంఖ్యల నిష్పత్తీ రెండో జట్టులోని సంఖ్యల నిష్పత్తీ ఒకటే అవుతుంది. 6య² + 9య + 2య + 3లో 6 : 9, 2 : 3. రెండూ 2 : 3. ఉమ్మడి తీసేస్తే రెండు చోట్లా 2య + 3 మిగలక ఏమవుతుంది?

కాబట్టి కలవకపోతే ఇలా చూసుకోండి.

నిష్పత్తులు కలవడం లేదా? అయితే సంఖ్యలే తప్పు. మొత్తం కుదిరి లబ్ధం కుదరని జత తీసుకుని ఉంటారు, ఉదాహరణకు 11కి 8, 3.

నిష్పత్తులు కలిశాయి గానీ ఒక బ్రాకెట్ ఇంకోదానికి రెట్టింపో మూడు రెట్లో ఉందా? ఉమ్మడి పూర్తిగా తీయలేదు. 8య² + 12య + 10య + 15లో 2య మాత్రమే తీస్తే 2య(4య + 6) + 5(2య + 3) వస్తుంది. 8, 12ల గ.సా.భా. 4. మొత్తం తీస్తే 4య(2య + 3) + 5(2య + 3).

ఒకదాంట్లో య − 3, ఇంకోదాంట్లో 3 − య ఉందా? అది తప్పు కాదు, గుర్తు తేడా. 3 − య = −(య − 3). బయట ఉన్న సంఖ్య గుర్తు మార్చి కలిపేయండి.

ఒకదాంట్లో య − 2, ఇంకోదాంట్లో య + 2 ఉందా? రుణ సంఖ్యను బయటికి తీసేటప్పుడు లోపలి రెండో గుర్తు మార్చడం మరిచారు.

3య(2య + 3) + 1(2య + 3)లో (2య + 3) రెండుసార్లు ఉంది కదా, దానికి స్క్వేర్ ఎందుకు రాయకూడదు?

మధ్యలో ఉన్నది ప్లస్ కాబట్టి. ఒకే రాశిని దానితోనే గుణిస్తే వర్గం వస్తుంది, కూడితే రాదు. మూడు బస్తాలకు ఒక బస్తా చేరిస్తే నాలుగు బస్తాలవుతాయి, "బస్తా స్క్వేర్" కాదు. ఇక్కడ (2య + 3) అనేది బస్తా. అలాంటివి ముందు 3య ఉన్నాయి, తర్వాత 1 చేరింది. మొత్తం (3య + 1) ఉన్నాయి. అందుకే (3య + 1)(2య + 3). బయట ఉన్న రెండింటినీ కలిపి ఒక బ్రాకెట్‌లో పెడతాం, ఉమ్మడి బ్రాకెట్‌ను ఒక్కసారే రాస్తాం.

## కాస్త తేడాగా ఉండే లెక్కలు

మొదటి పదమే మైనస్‌లో ఉంటే?

−1 బయటికి తీసి, లోపలిది మామూలుగా చేయండి.

−2య² + 5య + 3
= −(2య² − 5య − 3)
= −(2య² − 6య + య − 3)
= −[2య(య − 3) + 1(య − 3)]
= −(య − 3)(2య + 1)

దీన్ని (3 − య)(2య + 1) అని రాసినా సరైనదే. మైనస్‌ను ఒక్క బ్రాకెట్‌లోకే పంపాలి. రెండింటిలోకీ పంపితే మైనస్ మైనస్ కలిసి మాయమైపోతుంది.

రెండు చరరాశులు ఉంటే పద్ధతి మారుతుందా?

మారదు. సంఖ్యలతో అదే పని చేసి "వ"ను వెంట తీసుకెళ్లండి.

6య² − 5యవ − 6వ²

లబ్ధం −36, మొత్తం −5: −9, +4.

6య² − 9యవ + 4యవ − 6వ²
= 3య(2య − 3వ) + 2వ(2య − 3వ)
= (2య − 3వ)(3య + 2వ)

రెండో జట్టులో 2 ఒక్కటే బయటికి తీస్తే బ్రాకెట్లు కలవవు, 2వ తీయాలి.

√5 లాంటివి ఉంటే ఎలా విడగొట్టాలి?

చూడడానికి భయపెడతాయి గానీ లబ్ధం తీయగానే వర్గమూలం పోతుంది. √5య² + 8య + 3√5లో √5 × 3√5 = 15. మొత్తం 8. కావాల్సినవి 5, 3.

√5య² + 5య + 3య + 3√5

ఇక్కడ ఆగిపోయేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే మొదటి జట్టులో ఉమ్మడి కంటికి కనబడదు. 5ని √5 × √5 అని రాయండి.

= √5య(య + √5) + 3(య + √5)
= (య + √5)(√5య + 3)

భిన్నాలు ఉంటే?

హారాల క.సా.గు. చూసి, 1/క.సా.గు.ను బయటికి తీయండి. య² + (5/6)య + 1/6 = (1/6)(6య² + 5య + 1). లోపలిది 6య² + 3య + 2య + 1, అంటే (2య + 1)(3య + 1). జవాబు (1/6)(2య + 1)(3య + 1). ముందున్న 1/6ని వదిలేస్తే అది వేరే బహుపది అయిపోతుంది.

మధ్యపదమే లేకపోతే?

మధ్య గుణకం 0 అనుకోండి. 4య² − 25లో లబ్ధం −100, మొత్తం 0, కాబట్టి +10, −10. పద్ధతి పనిచేస్తుంది, (2య − 5)(2య + 5) వస్తుంది. వర్గాల భేదం సర్వసమీకరణం తెలిసినవారు నేరుగా రాసేయొచ్చు. 4య² + 25కి మాత్రం లబ్ధం +100, మొత్తం 0. ఒకే గుర్తున్న రెండు సంఖ్యల మొత్తం 0 కాలేదు, కాబట్టి విడిపోదు.

ఎంత వెతికినా సంఖ్యలు దొరకడం లేదు. లెక్క తప్పా, నేను తప్పా?

విచక్షణి తేలుస్తుంది. మధ్య గుణకం వర్గం నుంచి 4 × మొదటి గుణకం × స్థిరపదం తీసేయండి. గుణకాలు పూర్ణసంఖ్యలైనప్పుడు, వచ్చినది ఖచ్చిత వర్గం (0, 1, 4, 9, 16...) అయితే సంఖ్యలు కచ్చితంగా ఉన్నాయి, ఇంకా వెతకండి. కాకపోతే పూర్ణసంఖ్యలతో విడిపోదు, వెతకడం ఆపేయండి.

3య² + 7య + 1: 49 − 12 = 37. ఖచ్చిత వర్గం కాదు. విడిపోదు.
2య² + 5య + 4: 25 − 32 = −7. రుణాత్మకం. వాస్తవ సంఖ్యలతో ఏ రకంగానూ విడిపోదు.
12య² − 7య − 10: 49 + 480 = 529 = 23 × 23. విడిపోతుంది.

ఇంతదాకా వచ్చాక ఆ రెండు సంఖ్యలను వెతకనక్కర్లేదు కూడా, లెక్కకట్టొచ్చు. మధ్య గుణకానికి ఆ వర్గమూలాన్ని ఒకసారి కూడి, ఒకసారి తీసేసి, సగం చేయండి. (−7 + 23) ÷ 2 = 8. (−7 − 23) ÷ 2 = −15. లబ్ధం −120, మొత్తం −7, రెండూ కుదిరాయి.

12య² − 15య + 8య − 10
= 3య(4య − 5) + 2(4య − 5)
= (4య − 5)(3య + 2)

విచక్షణిని పదో తరగతి దాకా దాచిపెట్టడం ఎందుకో మాకు అర్థం కాదు. "ఇక వెతకొద్దు" అని చెప్పే సాధనం తొమ్మిదో తరగతి పిల్లలకే ఎక్కువ అవసరం.

నాలుగు పదాలున్న ఘన బహుపదికి ఇదే పనికొస్తుందా?

నిష్పత్తి కుదిరితే వస్తుంది. 2య³ + 3య² − 8య − 12లో 2 : 3, −8 : −12 ఒకటే నిష్పత్తి. య²(2య + 3) − 4(2య + 3) = (2య + 3)(య² − 4) = (2య + 3)(య − 2)(య + 2). నిష్పత్తి కుదరకపోతే ఈ జట్లతో పని జరగదు. పదాల వరుస మార్చి చూడాలి, లేదా కారణాంక సిద్ధాంతం వాడాలి.

## సరిచూడడం, సమీకరణాలు, పరీక్ష

జవాబు సరైనదో కాదో అర నిమిషంలో తెలుసుకోవడం ఎలా?

మూడు చిన్న తనిఖీలు చాలు. బ్రాకెట్ల మొదటి పదాలను గుణిస్తే మొదటి పదం రావాలి. చివరి పదాలను గుణిస్తే స్థిరపదం రావాలి. య = 1 పెడితే రెండు వైపులా ఒకే విలువ రావాలి.

24య² − 41య + 12 = (8య − 3)(3య − 4) సరేనా? 8 × 3 = 24. −3 × −4 = 12. య = 1 పెడితే ఎడమ 24 − 41 + 12 = −5, కుడి 5 × −1 = −5. సరిపోయింది.

ఇది ఉజ్జాయింపు కాదు, పూర్తి రుజువే. మొదటి గుణకం, స్థిరపదం, మూడు గుణకాల మొత్తం కలిశాయంటే మధ్య గుణకం కలవక తప్పదు. య = 1 ఒక్కటే చూసి వదిలేస్తే మాత్రం కొన్ని తప్పులు జారిపోతాయి.

కారణాంకాలు రాశాక య విలువలు కూడా రాయాలా?

ప్రశ్నలో ఏముందో చూడండి. "కారణాంకాలుగా విడగొట్టండి" అంటే బ్రాకెట్ల దగ్గర ఆగాలి. "సాధించండి", "మూలాలు కనుక్కోండి", "శూన్యాలు కనుక్కోండి" అంటేనే ముందుకెళ్లాలి. 6య² + 11య + 3 = 0 అయితే (3య + 1)(2య + 3) = 0, కాబట్టి య = −1/3 లేదా −3/2.

ఉమ్మడి సంఖ్య విషయంలో కూడా ఇక్కడే తేడా. 12య² + 42య + 18 = 0 అన్నప్పుడు రెండు వైపులా 6తో భాగించి దాన్ని వదిలేయొచ్చు. "= 0" లేకుండా బహుపది మాత్రమే ఇస్తే ఆ 6 జవాబులో ఉండి తీరాలి.

(య + 2)(య + 5) = 4 అని ఇస్తే, య + 2 = 4, య + 5 = 4 అని రాయొచ్చా?

రాయకూడదు. లబ్ధం 0 అయితేనే రెండింటిలో ఒకటి 0 అని చెప్పగలం. లబ్ధం 4 అయితే 1 × 4, 2 × 2, 8 × 1/2... ఏదైనా కావచ్చు. విప్పి, 4ని ఇటు తెచ్చి, మళ్లీ విడగొట్టండి: య² + 7య + 6 = 0, (య + 1)(య + 6) = 0, య = −1 లేదా −6.

దొరికిన సంఖ్యలను మొదటి గుణకంతో భాగించి నేరుగా జవాబు రాసే షార్ట్‌కట్ వాడొచ్చా?

6య² + 11య + 3కి 9/6 = 3/2, 2/6 = 1/3 అని చేసి, (2య + 3)(3య + 1) అని రాసే పద్ధతి అది. ఉమ్మడి సంఖ్యను ముందే బయటికి తీసి ఉంటే సరైన జవాబే ఇస్తుంది. తీయకపోతే మోసం చేస్తుంది: 12య² + 42య + 18కి 36/12 = 3, 6/12 = 1/2, జవాబు (య + 3)(2య + 1). బయట ఉండాల్సిన 6 పోయింది. బిట్ పేపర్లో, పోటీ పరీక్షల్లో సమయం కోసం వాడుకోండి. మెట్లకు మార్కులుండే ప్రశ్నలో మధ్యపదం విడదీసిన వరుస, ఉమ్మడి తీసిన వరుస, జవాబు, మూడూ కనబడాలి.

సాధనకు కొన్ని లెక్కలు ఇస్తారా?

ఇవి చేసి చూడండి. తేలిక నుంచి కష్టానికి కాకుండా కావాలనే కలిపి ఇచ్చాం, ఎందుకంటే ఏ లెక్కలో ఏ మెలిక ఉందో గుర్తుపట్టడం కూడా సాధనలో భాగమే.

1. 3య² + 14య + 8
2. 20య² − 50య + 30
3. 6య² + 7య − 20
4. 7య² + 5య + 2
5. 10య² − 19య + 6
6. −4య² + 4య + 15
7. 18య² − 3య − 10

జవాబులు: 1. (3య + 2)(య + 4). 2. 10(2య − 3)(య − 1). 3. (3య − 4)(2య + 5). 4. విడిపోదు, విచక్షణి 25 − 56 = −31. 5. (5య − 2)(2య − 3). 6. −(2య − 5)(2య + 3). 7. (6య − 5)(3య + 2).

ఇవి అయిపోతే కొత్తవి మీరే తయారుచేసుకోవచ్చు. ఏవైనా రెండు బ్రాకెట్లు రాసి, గుణించి, జవాబును ఇంకో కాగితం మీద దాచిపెట్టి, మర్నాడు విడగొట్టండి.